నక్క నవ్వలేదు

పోయిన నెల ఒక స్నేహితుడి ఇంట్లో పదిమందిమి కలిశాం. కబుర్లు ఎటు తిరిగి ఎటు వచ్చాయో గానీ అడవి మీదకి మళ్లాయి. ఒకరు పాము అన్నారు, ఇంకొకరు కోతి అన్నారు. అప్పుడు నాకు పరిచయం లేని ఒకాయన గొంతు సవరించుకుని, "మా ఫ్రెండ్ వాళ్ల ఫ్రెండ్‌కి నిజంగా జరిగింది, వినండి" అని మొదలుపెట్టాడు.

క్యాంపింగ్‌కి వెళ్లిన ఒక మనిషి. టెంటు బయట విప్పిపెట్టిన బూట్లు. అర్ధరాత్రి తోడేలు వచ్చింది. రెండు బూట్లూ నోట కరుచుకుని కొంతదూరం పోయి, ఆగి, వెనక్కి తిరిగి ఆ మనిషిని చూసి నవ్విందట. తెల్లారాక అతను వట్టి కాళ్లతో ఎనిమిది కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కాడట.

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. ఆ మనిషిని నేనే. పోయింది ఒక్క బూటు. పట్టుకుపోయింది నక్క. నేను నడిచింది నాలుగు కిలోమీటర్లు, అది కూడా ఒక కాలికి బూటుతో. కథ నాలుగైదు నోళ్లు మారి నా దగ్గరికి తిరిగొచ్చేసరికి నక్క తోడేలైంది, దూరం రెట్టింపైంది. గోరంతలు కొండంతలవడం మామూలే కాబట్టి దాని మీద నాకేం ఫిర్యాదు లేదు. నన్ను కుదిపింది ఆ నవ్వు. తోడేలు, రెండో బూటు, వట్టి కాళ్లు, ఇవన్నీ ఎవరెవరో కలిపినవి. జంతువు వెనక్కి తిరిగి నవ్విందన్న ముక్క మాత్రం నేను కలిపిందే. అంతమంది చేతులు మారినా అదొక్కటి చెక్కుచెదరలేదు.

ఇంటికొస్తుంటే కారులో మా ఆవిడ అడిగింది, "అది నీ కథే అని ఎందుకు చెప్పలేదు?" అని. ఏదో అన్నాను. అసలు జవాబు ఏంటంటే, అది పూర్తిగా నా కథ కూడా కాదు. అందులోంచి ఒక వాక్యాన్ని నేనే కోసేశాను.

ఆ వాక్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. వేటలోనో క్యాంపులోనో అడవి జంతువు ఎదురుపడి తమాషా చేసిన కథలు మనం బోలెడు చెప్పుకుంటాం. వాటిలో చాలావరకు నిజంగానే జరుగుతాయి. కానీ ఆ జంతువు అక్కడికి ఎందుకొచ్చిందో చెప్పే వాక్యం ఒకటి ఉంటుంది. చెప్పేవాడు ముందు కత్తెర పెట్టేది దానికే. ఆ వాక్యం తిరిగి చేర్చినా నవ్వు మిగిలితే అది మంచి కథ. చేర్చగానే నవ్వు చచ్చిపోతే, అంతవరకూ మనం నవ్వింది దేనికో ఒకసారి చూసుకోవాలి.

నేను చెప్పుకుంటూ వచ్చిన కథ

చలికాలం మొదట్లో ఇద్దరం వెళ్లాం. వాగు పక్కన, అనుమతి ఉన్న చోటే టెంటు వేసుకున్నాం. వాగు దాటేటప్పుడు బూట్లు తడిశాయి కాబట్టి టెంటు గుమ్మం దగ్గర బోర్లించి పడుకున్నాను. రాత్రి రెండింటికి ఏదో ఈడుస్తున్న చప్పుడు. జిప్పు తీసి టార్చి వేస్తే రెండు పచ్చటి కళ్లు మెరిశాయి. నక్క. తోక చివర తెల్లగా ఉంది. నా ఎడమ బూటు నాలుకని పళ్లతో పట్టుకుంది. లేసులు నేల మీద పాకుతున్నాయి. "ఏయ్!" అన్నాను. అది నా వైపు చూసింది. తొందరేం లేనట్టు నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ చూసింది. నేను సాక్సులతోనే వెంటపడ్డాను. పది గజాలు పోకముందే ముల్లు దిగింది. కుంటుకుంటూ వెనక్కొచ్చాను.

పొద్దున ఎడమ కాలికి తువ్వాలు చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, తాడుతో కట్టుకుని నడిచాను. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం పడుతుందంటారు. నా విషయంలో అదృష్టం నక్కకే పట్టింది, అది కూడా తోలు బూటు రూపంలో.

నాలుగేళ్లుగా ఎక్కడికెళ్లినా ఈ కథ చెప్పాను. బాగా పండేది. ఎక్కడ ఆగాలో, ప్లాస్టిక్ సంచి ఎప్పుడు బయటికి తీయాలో కూడా తెలిసిపోయింది. "నవ్వింది" అన్న మాట ఎన్నోసారి చెప్పినప్పుడు చేరిందో గుర్తులేదు.

కుందేలుకి ఎన్ని కాళ్లు

ఇలాంటి కథల్లో నాకు బాగా ఇష్టమైనది ఒక దేశాధ్యక్షుడిది. 1979 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జార్జియా రాష్ట్రంలోని తన సొంతూరు ప్లెయిన్స్‌లో చిన్న పడవ వేసుకుని ఒంటరిగా చేపలు పడుతున్నాడు. ఒక కుందేలు ఈదుకుంటూ సూటిగా పడవ వైపు వచ్చింది. ఆయన తెడ్డుతో నీళ్లు కొట్టి దాన్ని పక్కకి మళ్లించాడు. జరిగిందంతా ఇంతే. తిరిగొచ్చాక తన సిబ్బందికి చెబితే, కుందేలు ఈదడమేంటని వాళ్లే నమ్మలేదు. కొన్ని నెలలకి ఆయన ప్రెస్ కార్యదర్శి ఈ ముచ్చటని ఒక విలేఖరి చెవిన వేశాడు. ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ మొదటి పేజీకి ఎక్కింది, అధ్యక్షుడి మీద కుందేలు దాడి అని. దేశమంతా నవ్వింది. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదురుతాయా అని మనం అంటాం, అక్కడ కుందేలుకే అధ్యక్షుడు బెదిరాడన్నారు. ఆ సంఘటన తాలూకు ఫొటో ఒకటి ఉంది. అది బయటికి వచ్చింది ఆయన దిగిపోయి రీగన్ వచ్చాక.

ఆ చిత్తడినేలల్లో ఉండే కుందేళ్లు బాగా ఈదుతాయి. తరుముకొస్తే నీళ్లలోకే దూకుతాయి. ఆ రోజు దాన్ని వేటకుక్కలు తరుముతున్నాయని కార్టరే తర్వాత చెప్పాడు. ఈ కథలో కోసేసిన వాక్యం ఇదే. కుక్కల నుంచి ప్రాణం దక్కించుకోవడానికి నీళ్లలో దూకిన జంతువుకి ఎదురుగా ఒక పడవ కనబడింది. ఈ వాక్యం పెట్టి మళ్లీ చెప్పి చూడండి. అధ్యక్షుడు తెడ్డు పట్టుకుని కుందేలు మీద నీళ్లు చల్లడం ఇంకా నవ్వు తెప్పిస్తుందా? నాకైతే తెప్పిస్తుంది, కాకపోతే ఇంకోరకంగా. కుందేలు మాత్రం అందులో జోకర్‌గా ఉండదు. అందుకే దీన్ని మంచి కథల్లో వేసుకున్నాను.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లు మనలో ఎప్పుడూ ఉన్నారు. కళ్లారా చూసింది చూసినట్టు చెప్పి నవ్వులపాలైనవాళ్లు తక్కువ. ఆ కోవలో కార్టర్ ఒకడని నాకనిపిస్తుంది.

మంచె మీద

నేను వేటగాణ్ణి కాను. వేటకి లైసెన్సులిచ్చే చోట, సీజన్‌లో, ఒక మిత్రుడి పక్కన మాత్రం రెండుసార్లు కూర్చున్నాను. తుపాకీ అతనిది, చలికి వణకడం నా వంతు. చెట్టుకి కట్టిన మంచె మీద తెల్లవారకముందే ఎక్కి కూర్చోవాలి. మాట్లాడకూడదు, కదలకూడదు, దగ్గొస్తే మింగాలి. అతను జేబులోంచి చిన్న డబ్బా తీసి చిటికెడు పౌడరు గాల్లోకి వదిలాడు. అది మా ముఖాల వైపే కొట్టుకొచ్చింది. గాలి ఎదురుగా ఉంది, మంచిదే అన్నట్టు తలూపాడు.

గంట గడిచాక వెనకవైపు ఎండుటాకుల మీద అడుగులు. బరువైన అడుగులు. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఏ దుప్పో, అంతకంటే పెద్దదో అనుకున్నాను. పావుగంట ఆ టెన్షన్ భరించాక మెల్లగా మెడ తిప్పితే, ఉడత. అరచేతిలో పట్టేంత ఉడత ఆకులు తిరగేస్తూ ఏదో వెతుక్కుంటోంది. వేటకెళ్లిన ఎవర్నడిగినా చెబుతారు, అడవిలో అన్నిటికంటే ఎక్కువ చప్పుడు చేసేది ఉడతేనని. ఆకుల మీద ఎలుక పరిగెత్తినా రాత్రిపూట ఏనుగు వచ్చినట్టే ఉంటుంది. పెద్ద జంతువులేమో అడుగు ఎక్కడ వెయ్యాలో చూసి వేస్తాయి.

కాసేపటికి ఒక చిన్న పిట్ట వచ్చి నా మిత్రుడి టోపీ మీద వాలింది. అక్కణ్నుంచి తుపాకీ గొట్టం మీదకి దూకింది. దాన్ని అటూ ఇటూ పొడిచి చూసింది. అతను కళ్లు కూడా ఆర్పట్లేదు. ఆకుల రంగు బట్టలేసుకుని కదలకుండా కూర్చున్న మనిషి పిట్టకి చెట్టులాగే కనబడతాడు. నాకు నవ్వు తన్నుకొస్తోంది, ఆపుకుంటే కడుపు కదిలి మంచె ఊగుతోంది. పిట్ట గొట్టం మీద రెట్ట వేసి ఎగిరిపోయింది.

అంతలో మా ఎదురుగా ఎవరో గట్టిగా ముక్కు చీదినట్టు ఒక చప్పుడు. ఆడజింక. ముందుకాలితో నేలని తన్నుతోంది. గాలి ఎప్పుడు తిరిగిందో మాకు తెలీదు, దానికి తెలిసింది. ఇంకోసారి చీది, తోకెత్తి, మూడు గంతుల్లో మాయమైంది. మిత్రుడు అప్పటిదాకా పట్టిన ఊపిరి వదిలి, "దిగుదాం గురూ. మనం దాన్ని చూద్దామని వచ్చాం, అది మనల్ని చూసి పోయింది" అన్నాడు.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా, ఎంత వివరంగా చెప్పినా పలచబడదు. గాలి సంగతి చెబితే ఇంకా బాగుంటుంది. ఉడత ఎందుకు అంత చప్పుడు చేస్తుందో, పిట్ట తుపాకీ మీద ఎందుకు వాలిందో చెప్పినకొద్దీ మేం ఇంకా వెర్రివాళ్లుగా కనబడతాం. ఇందులో కోసేయాల్సిన వాక్యమే లేదు.

అలాంటిదే ఇంకొకటి. ఒక క్యాంపులో రాత్రంతా కరకరమని కొరుకుతున్న చప్పుడు. ఎలుగుబంటి ఎముకలు నములుతోందని ముగ్గురం తేల్చుకున్నాం. ముగ్గురు పెద్దమనుషులం ఒక ఈల, ఒక సత్తుగిన్నె, ఒక గరిటె ఆయుధాలుగా పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. తెల్లారి చూస్తే గొడ్డలి కర్ర సగం లేదు. ముళ్లపంది. గొడ్డలి పట్టుకున్న చేతుల చెమట కర్రలో ఇంకి ఉప్పగా ఉంటుంది, దానికి కావాల్సింది ఆ ఉప్పు. అది తిన్నది మా చెమటే అన్నమాట. భయంతో ఆ రాత్రి దానికి ఇంకాస్త సరఫరా చేశాం.

బొమ్మగా మారిన ఎలుగు

ఇప్పుడు అసలు ఇబ్బంది పెట్టే కథ. ప్రపంచంలో పిల్లలందరి పక్కలో పడుకునే కథ.

1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో ఎలుగుల వేటకెళ్లాడు. ఆయనకి ఒక్క ఎలుగూ దొరకలేదు. వేటకి దారి చూపించేవాడు హోల్ట్ కోలియర్, బానిసగా పుట్టి ఆ ప్రాంతంలో పేరుమోసిన వేటగాడైన మనిషి. అతని కుక్కలు ఒక ఎలుగుని తరిమి నిలేశాయి. అధ్యక్షుడు ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా దాన్ని బతికించి ఉంచాలి కాబట్టి కోలియర్ తుపాకీ మడమతో దాని తల మీద కొట్టి, చెట్టుకి కట్టేశాడు. రూజ్‌వెల్ట్ వచ్చి చూసి, కట్టేసిన జంతువుని కాల్చడం వేట కాదని తుపాకీ దించేశాడు. ఈ సంగతి మీద క్లిఫర్డ్ బెర్రీమన్ వాషింగ్టన్ పోస్ట్‌లో కార్టూన్ వేశాడు. బ్రూక్లిన్‌లో దుకాణం నడిపే మోరిస్ మిక్టమ్ దంపతులు దాన్ని చూసి ఒక గుడ్డ ఎలుగుని కుట్టి, అధ్యక్షుడి ముద్దుపేరుతో టెడ్డీ అని అమ్మకానికి పెట్టారు.

ఎంత ముచ్చటైన కథ! కోసేసిన వాక్యం చెప్పనా? రూజ్‌వెల్ట్ కాల్చలేదు గానీ, ఇంత దెబ్బతిన్నదాన్ని బాధ నుంచి తప్పించమని చెప్పాడు. దాన్ని కత్తితో పొడిచి చంపారు. కార్టూన్‌లోనూ అంతే, బెర్రీమన్ మళ్లీ మళ్లీ వేస్తున్నకొద్దీ ఎలుగు చిన్నదవుతూ, కళ్లు గుండ్రమవుతూ పిల్ల ఎలుగైపోయింది. నా నక్కకి నేను నవ్వు తగిలించినట్టే.

రూజ్‌వెల్ట్ చేసింది తప్పని నేననను. ఆ పరిస్థితిలో వేటగాళ్లు అదే చేస్తారు, నా మిత్రుడూ అదే చేస్తానన్నాడు. నా పేచీ ఆయనతో కాదు, కథని అక్కడ ఆపేసినవాళ్లతో.

ఉప్పు కోసం వచ్చినవాళ్లు

క్యాంపు కథల్లో దొంగ జంతువులది పెద్ద కుటుంబం. న్యూజిలాండ్ కొండల్లో కియా అనే చిలక ఉంది. కారు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పీకేస్తుంది, సంచీ జిప్పులు తీస్తుంది. దాన్ని కొండల మీద విదూషకుడు అంటారు, వీడియోలు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఆ విదూషకుణ్ణే గొర్రెల్ని పొడుస్తోందని తలకి ఇంత అని బహుమానం పెట్టి వందేళ్లపాటు చంపించారు. 1,50,000 దాకా చంపి ఉంటారని అంచనా. 1986లో దానికి పూర్తి రక్షణ వచ్చింది. ఇప్పుడు మనుషులు తిండి పెట్టడం అలవాటై ఇళ్ల చుట్టూ తిరుగుతాయి. పాత కప్పుల మీద సీసపు మేకులుంటాయి, వాటి రుచి తియ్యగా ఉంటుంది, కొరుకుతాయి, విషమెక్కి చస్తాయి.

కొండమేకల కథ ఇంకా తమాషా. అమెరికాలో ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో కొండమేకలు మనుషుల వెంటపడేవి. ఎందుకయ్యా అంటే వాళ్లు మూత్రం పోస్తారని. ఆ కొండల్లో సహజంగా దొరికే ఉప్పు చాలా తక్కువ. మేకలు కూడా అక్కడివి కావు, 1920ల్లో వేట కోసం తెచ్చి వదిలినవి. ట్రెక్కింగ్‌కి వెళ్లినవాడు చెట్టు చాటుకి వెళితే, మేక మర్యాదగా పక్కన క్యూలో నిలబడేదట. నేనూ ఈ కథ చెప్పి నవ్వించాను. 2010లో అలాంటి ఒక మగమేక ఒక నడకరిని కొమ్ముతో పొడిచి చంపింది. 2018 నుంచి 2020 దాకా 325 మేకలకి కళ్లకి గంతలు కట్టి, హెలికాప్టర్లకి వేలాడదీసి, వేరే కొండలకి తరలించారు. గాల్లో వేలాడే మేకల ఫొటోలకి కూడా జనం నవ్వారు.

ఎలుగుల సంగతి చెప్పాలంటే తెల్లారుతుంది. అమెరికాలోనే యెల్లోస్టోన్ పార్క్‌లో ఒకప్పుడు చెత్తకుప్పల దగ్గర ఎలుగులు తింటుంటే చూడ్డానికి సందర్శకులకి బల్లలు వేశారు. 1970 ప్రాంతంలో ఆ కుప్పలు మూసేస్తే, అప్పటిదాకా వాటి మీదే బతికిన గ్రిజ్లీ జాతి ఎలుగులు క్యాంపుల మీదకి వచ్చాయి, వాటిని పెద్దసంఖ్యలో చంపాల్సి వచ్చింది. యోసెమిటీ పార్క్‌లో 1998 ఒక్క ఏడాదిలో ఎలుగులు కార్లు విరవడం, తిండి ఎత్తుకెళ్లడం లాంటివి 1,500 పైచిలుకు జరిగాయి. 2001 నుంచి 2007 దాకా అక్కడ విరిగిన కార్ల లెక్క చూసినవాళ్లకి తేలిందేంటంటే, ఎలుగులు మినీవ్యాన్లని ఏరికోరి విరుస్తున్నాయి. పిల్లలున్న కుటుంబాల బండ్లు, సీట్ల సందుల్లో తిండి రాలి ఉంటుంది, అందుకే అయ్యుండాలి. ఇది చదివి నేను గట్టిగా నవ్వాను. ఎలుగు మోడల్ చూసి కారు ఎంచుకోవడం! తిండి రుచి మరిగిన ఎలుగుకి చివరికి ఏ గతి పడుతుందో ఆ పార్కుల్లో బోర్డుల మీదే రాసి ఉంటుంది. చదవకుండా ఫొటో దిగేది నాలాంటివాళ్లే.

నవ్వితే తప్పేంటి

ఈ ధోరణి మా ఆవిడకి నచ్చదు. "నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని మంట వేసుకోవడం దండగ. ప్రతి జోకుకీ పోస్ట్‌మార్టమ్ చేస్తావు" అంటుంది. ఆ మాటలో ఉత్త వెక్కిరింపే లేదు. తన వాదన ఇది. జనం అడవిని రెండు రకాలుగానే చూస్తారు, భయంగా లేదా సరదాగా. సరదాగా చూసినవాడు జంతువుని చంపమనడు. టెడ్డీబేర్ పక్కలో పెట్టుకుని పెరిగిన పిల్లలే పెద్దయ్యాక ఎలుగుల్ని కాపాడమని సంతకాలు చేస్తారు. కథలో ఒక అబద్ధపు నవ్వు ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

దీనికి నా దగ్గర ఖచ్చితమైన జవాబు లేదు. నేను అడవి మీద ఇష్టం పెంచుకున్నది కూడా చిన్నప్పుడు విన్న అబద్ధాల వల్లే. ముఖం మాడ్చుకుని చెప్పిన నిజాలు ఎవర్నీ అడవికి పంపవు.

కానీ భయానికీ సరదాకీ మధ్య అంత దూరం ఉందా అని నా అనుమానం. భయపెట్టే కథల్లోనూ కోసేసేది అదే వాక్యం. చంపావత్ ఆడపులి 436 మందిని చంపిందని చెబుతారు. 1907లో జిమ్ కార్బెట్ అనే వేటగాడు దాన్ని చంపాక నోరు తెరిచి చూస్తే, కుడివైపు కోరపళ్లు పైదీ కిందదీ విరిగి ఉన్నాయి, పాత తుపాకీ దెబ్బకి. మామూలుగా వేటాడలేని స్థితి. కార్బెట్ ఆ వాక్యాన్ని కోయలేదు, రాసి పెట్టాడు. అయినా చెప్పుకునేటప్పుడు జనం 436 అన్న అంకెనే చెబుతారు, పళ్ల మాట ఎత్తరు. రాక్షసిని చేసినా, జోకర్‌ని చేసినా, దాని దగ్గరికి ముందు మనం వెళ్లామన్న సంగతి కనబడకుండా పోతుంది. ఇంతవరకే మా ఆవిడతో నా వాదన నిలబడుతుంది. మిగతాదాంట్లో తనే గెలుస్తుంది.

నేను కోసేసిన వాక్యం

నక్క నా బూటు పట్టుకెళ్లడానికి ముందు సాయంత్రం, మేం మంట దగ్గర కూర్చున్నప్పుడు, అది వచ్చింది. వెలుగు అంచున నిలబడింది. నేను ఒక బిస్కెట్ విసిరాను.

ఆ వాక్యం ఇదే. ఒకటి కాదు, నాలుగు విసిరాను. మొదటిది దానికి దగ్గరగా, రెండోది కొంచెం ఇవతలికి, మూడోది ఇంకొంచెం ఇవతలికి. నాలుగోది నా బూటుకి రెండడుగుల దూరంలో పడింది. అది మెడ చాచి, వెనక కాళ్లు పరుగుకి సిద్ధంగా ఉంచుకుని, పళ్ల చివర్లతో అందుకుంది. దాని మీసాల మీద బిస్కెట్ పొడి కనబడేంత దగ్గర. నా మిత్రుడు ఫోన్‌లో తీశాడు. ఆ వీడియో ఇంకా నా దగ్గర ఉంది, అందులో నా గొంతు "రా, రా, భయం లేదు" అంటూ ఉంటుంది.

రాత్రి అది తొందరపడకుండా ఆగి ఆగి నన్ను చూసింది అందుకే. నేను నవ్వని పేరు పెట్టిన చూపు అదే. ఇంకో బిస్కెట్ ఎప్పుడు పడుతుందా అని చూసింది.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లాను. గార్డుకి నా కథ చెబుదామని ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే, "తోక చివర తెల్లగా ఉంటుంది, అదేనా సార్?" అన్నాడు. అదే అన్నాను. తర్వాత్తర్వాత టెంట్లలో దూరడం మొదలుపెట్టిందట. ఒక పిల్లాడి వేలు కొరికిందట. "తీసేయాల్సొచ్చింది" అన్నాడు. తీసేయడమంటే ఏంటని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నా నాలుగు బిస్కెట్లే దాన్ని చంపాయనుకోవడం కూడా ఒకరకం గొప్పే. నాకు ముందు ఎందరు విసిరారో, తర్వాత ఎందరు విసిరారో. అంత ధైర్యంగా వెలుగులోకి వచ్చిందంటే, నేను మొదటివాణ్ణి కాకపోవచ్చు. మొదటివాణ్ణే అయ్యుండచ్చు కూడా. ఈ రెంటి మధ్య ఎటూ తేల్చుకోలేకే తర్వాత రెండేళ్లూ కథ పాత పద్ధతిలోనే చెబుతూ వచ్చాను. చెబుతున్నంతసేపూ ఆ గార్డు మాట గుర్తుండదు మరి.

గార్డు గదిలో ఒక అట్టపెట్టె చూపించాడు. క్యాంపుల చుట్టుపక్కల పొదల్లో దొరికినవి అందులో వేస్తారు. అన్నీ ఒంటివే. ఒక చిన్నపిల్లల చెప్పు, రబ్బరు బూటు, మడమ నమిలేసిన స్పోర్ట్స్ షూ, ఒక ఊలు టోపీ. "చూసుకోండి సార్, మీదుందేమో" అన్నాడు. వంగి అడుగుదాకా వెతికాను. లేదు.

మొన్నటి ఆదివారం అదే స్నేహితుడి ఇంటికి మళ్లీ వెళ్లాం. తోడేలు కథ చెప్పినాయన కూడా ఉన్నాడు. ఈసారి నేనే ఎత్తుకున్నాను, "మీ ఫ్రెండ్ వాళ్ల ఫ్రెండ్‌ని నేనేనండీ" అని. బిస్కెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, పెట్టె దాకా చెప్పాను. ప్లాస్టిక్ సంచి దగ్గర కొందరు నవ్వారు. గార్డు మాట దగ్గర ఎవరూ నవ్వలేదు. తోడేలు కథ చెప్పినాయన కాస్త నొచ్చుకున్నట్టే కనబడ్డాడు, మంచి కథ ఒకటి పాడుచేశానని. ఏం మాట్లాడాలో తెలియక ఎవరో టీవీ పెట్టారు.

మా స్నేహితుడి కూతురు, ఏడేళ్లది, నా పక్కనే కూర్చుని అంతా విన్నది. కాసేపయ్యాక నా చొక్కా లాగి, "అంకుల్, మరి ఆ ఇంకో బూటు ఏం చేశావ్?" అని అడిగింది.

అటక మీద ఉందని చెప్పాను. చూపిస్తావా అంది.